క్రిస్మస్ హ్యాంపర్‌లో ఏం పెడదాం: కేకా, అరిసెలా, పచ్చళ్లా?

డిసెంబరు 20 దాటాక గుంటూరు, కృష్ణా, గోదావరి వైపు ఏ క్రైస్తవుల ఇంటికి వెళ్లినా మంచం కింద రెండు మూడు డబ్బాలు ఉంటాయి. ఒకదాంట్లో అరిసెలు, ఒకదాంట్లో జంతికలు, ఇంకోదాంట్లో గవ్వలో కజ్జికాయలో. పిన్ని వాళ్లింట్లో అవే, మేనత్త వాళ్లింట్లో అవే. అలాంటి ఇంటికి మీరు రిబ్బను కట్టి ఇంకో రెండు కిలోల అరిసెలు పంపితే "అయ్యో, ఎందుకమ్మా ఇంత కష్టపడ్డారు" అంటారు. సంతోషంగానే అంటారు. ఆ తర్వాత అవి క్యారల్స్ పాడటానికి వచ్చిన కుర్రాళ్ల పళ్లెంలోకి వెళ్లిపోతాయి.

హ్యాంపర్, అంటే బుట్టలోనో డబ్బాలోనో సర్ది పంపే పండగ కానుక, కట్టేముందు చాలామంది "నాకు ఏది బాగా వచ్చు" అని చూసుకుంటారు. అదీ చూసుకోవాల్సిందే కానీ, అంతకంటే ముందు అవతలి ఇంట్లో ఆ వారం ఏది ఉండదో చూడాలి. ఊళ్లో ఉన్న పెద్దమ్మకి అరిసెలకు కొదవ ఉండదు, మంచి ప్లమ్ కేకు మాత్రం దొరకదు. హైదరాబాద్‌లో ఇద్దరూ ఉద్యోగాలు చేసుకునే తమ్ముడికీ మరదలికీ కేకులు వద్దన్నా వస్తాయి. పండగకి ముందే జరిపే సెమీ క్రిస్మస్ పేరుతో ఆఫీసులో ఒకటి, చర్చిలో ఒకటి, అపార్ట్‌మెంట్‌లో ఒకటి కోస్తారు. ఇంట్లో ఒత్తిన జంతికలు ఎవరు తెచ్చిస్తారు? ఇక పక్కింటి హిందూ కుటుంబానికి మూడు వారాల్లో సంక్రాంతి. వాళ్ల పొయ్యి మీదా అరిసెల పాకం ఉడుకుతుంది. క్రిస్మస్‌కి వాళ్ల పిల్లలు మీ ఇంటి వైపు చూసేది కేకు కోసమే.

ఈ లెక్క మనసులో పెట్టుకుని ఒక్కోటీ చూద్దాం.

ప్లమ్ కేకు

ఊళ్లో పెద్దవాళ్లకి, ఇరుగుపొరుగుకి, పిల్లలున్న ఇళ్లకి నా మొదటి ఓటు దీనికే. చూడటానికి పండగలా ఉంటుంది, ముక్కలు కోసి నలుగురికీ పంచవచ్చు, ప్రయాణంలో పెద్దగా పాడవదు. క్రీమ్ ఉన్న కేకుతో ఈ సుఖం లేదు. హ్యాంపర్‌లో క్రీమ్ కేకు ఆలోచనే వద్దు.

అసలు తేల్చుకోవాల్సింది పండ్లు దేంట్లో నానబెట్టాలన్నది. రమ్ములో నెలరోజులు నానిన కిస్మిస్, ఖర్జూరం, చెర్రీలతో చేసిన కేకు గాలి తగలకుండా చుట్టిపెడితే మూడు వారాలైనా బాగుంటుంది, రోజులు గడిచేకొద్దీ రుచి పెరుగుతుంది. కానీ మన బాప్టిస్టు, లూథరన్, పెంతెకోస్తు కుటుంబాల్లో చాలామంది మద్యం చుక్క కూడా ముట్టరు. రమ్ము వేసిన కేకు పాస్టరు గారింటికి పంపి, తర్వాత ఎవరో చెప్పగా ఆయనకి తెలిస్తే మీకూ ఇబ్బంది, ఆయనకీ ఇబ్బంది. బేకింగ్‌లో మద్యం అంతా ఆవిరైపోతుందని కొందరు ధైర్యం చెబుతారు. పూర్తిగా పోదు. రమ్ము వేస్తే పెట్టె మీద రాసి పంపండి, అనుమానం ఉన్న ఇంటికి వేయనిదే పంపండి.

వేయకుండా చేయాలంటే ద్రాక్షరసమో నారింజరసమో పోసి పండ్లని ఐదు పది నిమిషాలు సన్నసెగ మీద ఉడికించి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో వాడేయాలి. రసంలో నానిన పండ్లని నెలరోజులు బయట ఉంచితే పులిసిపోతాయి. ఈ కేకు బయట నాలుగైదు రోజులకి మించి నమ్మలేం, కాబట్టి 22, 23 తేదీల్లో చేసి దగ్గరివాళ్లకే ఇవ్వాలి. దూరం పంపాల్సినదైతే రమ్ముదో, లేకపోతే కేకు ఆలోచన మానేసి పిండి వంటలో.

ఉన్నదాంతో సర్దుకోవడం కేకు విషయంలో కొత్తేమీ కాదు. మన దేశంలో క్రిస్మస్ కేకు కథ చెప్పేవాళ్లు 1883 నాటి కేరళలోని తలశ్శేరి దగ్గర మొదలుపెడతారు. అక్కడ రాయల్ బిస్కెట్ ఫ్యాక్టరీ నడిపే మాంబళ్లి బాపుకి మర్డాక్ బ్రౌన్ అనే తోటల దొర ఇంగ్లండ్ నుంచి తెచ్చిన కేకు ఇచ్చి, అలాంటిది చేయమన్నాడట. దొర ఫ్రెంచి బ్రాందీ కలపమంటే, బాపు జీడిమామిడి పండ్లూ అరటిపండ్లూ వేసి కాచిన నాటుసారా కలిపాడని, దొర మెచ్చుకుని ఇంకో డజను కేకులు చెప్పాడని అంటారు. కాబట్టి మీరు ద్రాక్షరసం పోస్తే కొంపేమీ మునగదు.

కొలత సులువే. మైదా 200 గ్రాములు, వెన్న 200, చక్కెర 200, గుడ్లు 4, నానిన పండ్లూ జీడిపప్పూ కలిపి 350 గ్రాముల దాకా. కిలోకి కాస్త పైనే కేకు వస్తుంది. చక్కెరలో రెండు మూడు చెంచాలు తీసి గిన్నెలో కరగబెట్టి, ముదురు ఎరుపు తిరిగాక వేడినీళ్లు పోస్తే ఆ రంగు కేకుకి వస్తుంది. నీళ్లు పోసేటప్పుడు చెయ్యి దూరంగా పెట్టండి, బుస్సుమని పైకి చిమ్ముతుంది. పండ్లకి చెంచాడు పొడి మైదా పట్టిస్తే అడుక్కి దిగవు. ఓటీజీలో (ఇంట్లో వాడే కరెంటు ఓవెన్) 160 డిగ్రీల దగ్గర గంట, గంటంబావు. ఐదారు కేకులు చేయాలంటే ఇంటి ఓవెన్‌తో రోజంతా పోతుంది. పిండి కలిపి తీసుకెళ్తే కాల్చిచ్చే బేకరీలు సికింద్రాబాద్‌లోనూ కోస్తా ఊళ్లలోనూ ఉన్నాయి. వాళ్లకి పండగ ముందు రెండ్రోజులూ ఊపిరాడదు, ముందే మాట్లాడుకోవాలి. మీ టిన్నుల అడుగున పేరు రాసిన స్టిక్కరు అంటించవద్దు, వేడికి మాడిపోతుంది. మేకుతో గుర్తు గీసుకోండి.

పిండి వంటలు

పట్నంలో ఉన్నవాళ్లకి, హాస్టల్ పిల్లలకి, వేరే రాష్ట్రంలో ఉద్యోగం చేసేవాళ్లకి వీటిని మించింది లేదు. అయితే అన్ని పిండి వంటలూ హ్యాంపర్‌కి పనికిరావు.

అరిసెలు రాణి లాంటివి, కానీ ఒంటరిగా చేసేవి కావు. బియ్యం రోజంతా నానాలి, నీళ్లు వాడ్చి, తడి ఆరకముందే పిండి పట్టించాలి. మామూలు రోజుల్లో మర వాడు తడి బియ్యం పట్టనంటాడు. క్రిస్మస్, సంక్రాంతి ముందు మాత్రం దానికోసం వేరే టైము పెడతాడు, కనుక్కుని వెళ్లాలి. కిలో బియ్యానికి ముప్పావుకిలో బెల్లం. పాకం దగ్గరే అంతా తేలిపోతుంది. పళ్లెంలో చల్లటి నీళ్లు పోసి చుక్క పాకం వేసి వేళ్లతో దగ్గరకి తీస్తే మెత్తటి ఉండ కట్టాలి. నీళ్లలోనే జారిపోతే ఇంకా రాలేదు, అరిసె నూనెలో విడిపోతుంది. ఆ ఉండని పళ్లేనికి కొడితే టంగుమని మోగిందా, దాటిపోయింది, అరిసె రాయవుతుంది. ఆ రెండింటికీ మధ్య దొరికే వ్యవధి చాలా తక్కువ, అందుకే పొయ్యి దగ్గర ఒకరు, పిండి పోసేవాళ్లు ఒకరు ఉండాలి. వేగాక రెండు చెక్కల మధ్య పెట్టి నూనె గట్టిగా ఒత్తేయాలి. సరిగ్గా ఒత్తనివి డబ్బాలో నూనె వదిలి, వారం తిరక్కుండానే పాత నూనె వాసన కొడతాయి. బాగా ఒత్తి, పూర్తిగా ఆరాక పెట్టినవి రెండు వారాలు దిగులు లేకుండా ఉంటాయి.

మీ ఇంట్లో చేయి తిరిగిన మనిషి ఉంటేనే అరిసెలు ఎంచుకోండి. లేకపోతే సున్నుండలు చూడండి. మినపప్పు దోరగా వేయించి, పట్టించి, బెల్లం తురుమూ కాచిన నెయ్యీ వేసి ఉండలు కట్టడమే, పాకం టెన్షన్ లేదు. చలికాలంలో నెయ్యి గడ్డకట్టి ఉండలు గట్టిగా నిలబడతాయి కాబట్టి డిసెంబరులో పంపడానికి అనువు. బాలింతలూ ఎదిగే పిల్లలూ ఉన్న ఇంటికి నేనైతే ఇవే పంపుతాను.

గవ్వలని చాలామంది చిన్నచూపు చూస్తారు కానీ బస్సెక్కే హ్యాంపర్‌కి వాటికి సాటి లేదు. చిన్నవి, గట్టివి, పైన డబ్బా పడ్డా విరగవు. బెల్లం పాకం పట్టినవి ఒక్కోసారి ఒకదానికొకటి అంటుకుంటాయి, ఆరేదాకా పళ్లెంలో విడివిడిగా ఉంచాలి. చెక్కలు కూడా ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటే చక్కగా చేరతాయి. జంతికలు పర్వాలేదు, ఒకటీ అరా విరిగినా రుచి పోదు. కారపూస మాత్రం చేరేసరికి పొడి.

గులాబీ పువ్వులు చూడముచ్చటగా ఉంటాయి, క్రిస్మస్ పళ్లెంలో వాటిని చూస్తేనే పిల్లలకి హుషారు. కానీ చేత్తో పట్టుకెళ్లి ఇచ్చేవాళ్లకే అవి. కొరియర్‌లో వేశారా, రేకులన్నీ రాలిపోతాయి. కజ్జికాయల్లో పచ్చికొబ్బరి పెడితే మూడు రోజులే, ఎండుకొబ్బరో పుట్నాలపొడో పెట్టి చేస్తే పది పన్నెండు రోజులు. బొబ్బట్లు, కొబ్బరి లౌజు ఆ పూటకి ఆ పూట తినాల్సినవి.

పూతరేకులు పెడదామా అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆత్రేయపురంలో వేడి కుండ మీద పలచటి బియ్యప్పిండిలో తడిపిన గుడ్డ జార్చి రేకు తీసే ఆడవాళ్ల పని అది. 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన వంటింట్లో అయ్యేది కాదు. కావాలంటే కొని పెట్టండి, ఇంట్లో చేశామని మాత్రం చెప్పకండి.

ఎన్ని రకాలు పెట్టాలన్నదానికి నా మాట: ఒక తీపి, ఒక కారం, అంతే. నలుగురున్న ఇంటికి ఒక్కోటీ అరకిలో. ఏడు రకాలు ఏడు చిన్న కవర్లలో పెడితే ఫొటో బాగుంటుంది, తినేవాళ్లకి ఏదీ తృప్తిగా అందదు. చేసేవాళ్లకి మాత్రం ఏడు రకాల చాకిరీ.

పచ్చళ్లు, పొడులు

తీపి తినలేని ఇంటికీ, ఒంటరిగా ఉండేవాళ్లకీ ఇవి సరైనవి. పండగ రోజు ఎవరూ తాకరు. 28వ తేదీన, అన్ని స్వీట్లూ మొహం మొత్తాక, వేడన్నంలో కలుపుకున్నప్పుడు మీరు గుర్తొస్తారు.

పచ్చడి ఎంపికలో కాలం చూడాలి. డిసెంబరులో మామిడికాయ లేదు, మే నెలలో పెట్టిన ఆవకాయ తీసిస్తే అది కానుకే కానీ కొత్తదనం లేదు. ఇప్పుడు దొరికేవి ఉసిరికాయలు, లేత చింతకాయలు, గోంగూర. ఉసిరికాయ పచ్చడి చూడ్డానికీ బాగుంటుంది, నెలల తరబడి నిలవ ఉంటుంది. సీసా బొత్తిగా తడి లేకుండా ఎండబెట్టి, పచ్చడి పైన వేలెడు మందాన నూనె తేలేలా నింపి, మూతకి లోపల పాలిథిన్ ముక్క వేసి బిగించాలి. గోంగూర ఉల్లిపాయ వేసి నూరినదైతే రెండు రోజులు, వేయించి పెట్టిన నిలవ పచ్చడి అయితేనే హ్యాంపర్‌లోకి.

చికెన్ పచ్చడి, రొయ్యల పచ్చడి అందరికీ ఇష్టమే, నాకూ ఇష్టమే. కానీ కానుకగా పంపేటప్పుడు జాగ్రత్త కావాలి. ముక్కలో నీరు ఏమాత్రం మిగిలినా, నిమ్మరసం పులుపు తక్కువైనా లోపల పాడవుతుంది, వాసనకి కూడా తెలియకపోవచ్చు. చేత్తో ఇచ్చి, "ఫ్రిజ్‌లో పెట్టండి, నెలలోపు అయిపోవాలి" అని నోటితో చెప్పగలిగితేనే ఇవ్వండి. రెండ్రోజులు గోదాములో పడి ఉండే పార్సిల్‌లో వద్దు.

పొడులకి ఈ బాధలేవీ లేవు. కందిపొడి, కరివేపాకు కారం, నువ్వులపొడి, ఇడ్లీలోకి వెల్లుల్లి కారం. ఒక పూటలో మూడు రకాలు అయిపోతాయి, బరువు లేదు, కారేది లేదు. ఖర్చుకీ శ్రమకీ తగ్గ ఫలితం లెక్కేస్తే హ్యాంపర్‌లన్నింటిలో ఇదే ముందుంటుంది. వెల్లుల్లి, చింతపండు వేసే పొడిలో వాటి తడి పూర్తిగా పోయేలా వేయించడం ఒక్కటే చూసుకోవాలి.

బిర్యానీ సరంజామా

ఇది ఎక్కువమందికి తట్టదు. 25న గుడికెళ్లి వచ్చాక మధ్యాహ్నం మన ఇళ్లలో ఉండేది బిర్యానీయే. కొత్తగా పెళ్లై మొదటి క్రిస్మస్ సొంతంగా చేసుకునే జంటకీ, బెంగళూరులోనో చెన్నైలోనో గది తీసుకుని ఉండే కుర్రాళ్లకీ కేకు కంటే, అరిసెల కంటే పనికొచ్చేది ఆ బిర్యానీకి కావాల్సిన సరుకు. ఇంట్లో పట్టిన బిర్యానీ మసాలా చిన్న సీసా, కరకరలాడేలా వేయించిన ఉల్లిపాయలు ఒక డబ్బా, షాజీరా, జాపత్రి, మరాఠీ మొగ్గ, బిర్యానీ ఆకు కలిపిన పొట్లం, కిలో పాత బాస్మతి బియ్యం. పైన మీ అమ్మ చేతి కొలతలు రాసిన కాగితం.

శ్రమంతా ఉల్లిపాయల్లోనే. కిలో ఉల్లి సన్నగా తరిగి వేయిస్తే చేతికొచ్చేది పావుకిలో చుట్టుపక్కలే. బంగారు రంగుకి ఒక్క క్షణం ముందే తీసేయాలి, బయట కూడా రంగు తిరుగుతాయి. కాగితం మీద పరిచి చల్లారాక డబ్బాలో పెడితే వారం పైనే కరకరలాడుతూ ఉంటాయి. ఊళ్లో అత్తయ్యకి ఇది పంపితే నవ్వుతుంది, ఆమె వంటింట్లో ఇవన్నీ మీకంటే బాగా ఉంటాయి.

బుట్టా, డబ్బా?

మేదరివాళ్లు అల్లిన వెదురు బుట్ట అందంగా ఉంటుంది, లోపల ఎర్ర గుడ్డ పరిచి చేతికిస్తే పండగ కళ వస్తుంది. దాంట్లోకి గాలీ చీమలూ రెండూ వెళ్తాయి. కాబట్టి బుట్ట పైకి మాత్రమే, లోపల ప్రతిదీ మూతున్న డబ్బాలోనే. పార్సిల్‌కి బుట్ట దండగ, మందపాటి అట్టపెట్టె మేలు.

నాకు నచ్చేది స్టీలు డబ్బా. కాస్త ఖర్చెక్కువ, కానీ జంతికలు మెత్తబడవు, పండగయ్యాక ఆ ఇంట్లో పప్పులు పోసుకోవడానికి పనికొస్తుంది. ఒక చిక్కు ఉంది: మన వాళ్లు డబ్బా ఖాళీగా తిరిగివ్వరు. పక్కింటివాళ్లకి స్టీలు డబ్బాలో కేకిస్తే సంక్రాంతికి అది చక్కెర పొంగలితోనో అరిసెలతోనో తిరిగొస్తుంది. అది మీకు సరదాగా ఉంటే సరే, అవతలివాళ్లకి భారమవుతుందనిపిస్తే రేకు టిన్ను చాలు.

ఏ డబ్బాలోనైనా వేడి తగ్గనివి మూత పెట్టకూడదు. తీపినీ కారాన్నీ ఒకే డబ్బాలో కవరు అడ్డం పెట్టి సర్దకూడదు, రెండ్రోజుల్లో సున్నుండ వాము వాసన వేస్తుంది. మూత మీద చేసిన తేదీ, ఎప్పటిలోగా తినాలో, జీడిపప్పు, వేరుశనగ ఉన్నాయో లేదో రాయండి.

ఎలా పంపాలి?

చేత్తో ఇవ్వగలిగితే ఏదైనా సరే. ఆర్టీసీ కార్గోలోనో ప్రైవేటు బస్సులోనో వేస్తే రాత్రికి రాత్రి చేరుతుంది, గవ్వలు, చెక్కలు, కేకు, పొడులు నిశ్చింతగా వెళ్తాయి. కాకపోతే అవతల ఎవరో ఒకరు స్టాండుకి వెళ్లి తీసుకోవాలి. ముసలివాళ్లు ఒక్కరే ఉన్న ఇంటికి ఇంటిదాకా తెచ్చిచ్చే కొరియరో స్పీడ్ పోస్టో మంచిది, అయితే 18, 19 తేదీల్లోనే వేసేయండి. ఆ తర్వాత పండగ రద్దీలో ఎప్పుడు చేరుతుందో వాళ్లూ చెప్పలేరు. సీసా పచ్చడి దేంట్లో పంపినా రెండు కవర్లలో ముడేసి, చుట్టూ పాత బట్ట చుట్టాలి.

విదేశాలకైతే ఎంపిక బాగా తగ్గిపోతుంది. మాంసం పచ్చళ్లు అమెరికాలోకి రానివ్వరు, ఏ తినుబండారం తీసుకెళ్లినా కస్టమ్స్‌లో ముందే చెప్పాలి. బ్రిటన్‌కి మన దేశం నుంచి మాంసమే కాదు, పాలతో చేసిన స్వీట్లు కూడా తీసుకెళ్లకూడదు. ఆస్ట్రేలియాలో దిగేటప్పుడు నింపే కార్డు మీద రాయకుండా దాచితే జరిమానా వేస్తారు. కాబట్టి కోవా, నెయ్యి సంగతి వదిలేసి గవ్వలు, జంతికలు, పొడులు పెట్టండి, వెళ్లే దేశం నిబంధనలు టికెట్టు కొన్నప్పుడే చూసుకోండి. పచ్చడి సీసా ఎప్పుడైనా చెకిన్ సామానులోనే, చేతి సంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గరే వదిలేసి వెళ్లాలి.

షుగరూ, బీపీ ఉన్నవాళ్లకి

"బెల్లంతో చేశాం, షుగర్ ఉన్నా తినొచ్చు" అని చెప్పి ఇవ్వకండి. రక్తంలో చక్కెర పెంచడంలో బెల్లం చక్కెరకేమీ తీసిపోదు. బీపీ ఉన్నవాళ్లకి పచ్చడి కూడా కానుక కాదు. అలాంటి పెద్దవాళ్లకి ఉప్పు తగ్గించి చేసిన కరివేపాకు పొడి, నువ్వులపొడి, ఉప్పు లేకుండా వేయించిన బాదం, వేరుశనగలు పెట్టండి. మనవలు వచ్చే ఇల్లైతే ఒక చిన్న కేకు కూడా పెట్టి, అది పిల్లలకని ముందే చెప్పేయండి.

చేతిలో ఒక్క ఆదివారమే ఉందా? అరిసెలు మర్చిపోండి. పొద్దున్న మూడు పొడులు కొట్టి, మధ్యాహ్నం ఉల్లిపాయలు వేయించి, బిర్యానీ మసాలా పట్టేయండి. సాయంత్రం రెండు కేకుల పిండి కలిపి బేకరీకి తీసుకెళ్తే, కేకు కాలేలోపు పక్క షాపులో డబ్బాలు కొనుక్కోవచ్చు.